మారు కిక్

మా ఆవిడ చనిపోయిన నెల రోజులకి ఆమె స్కూలు నుంచి ఒక సంచి వచ్చింది. అందులో రెండు విజిళ్ళు, గాలి కొట్టే పంపు, గాలి పోయిన ఫుట్‌బాల్, అడుగున మేకుతో చిల్లులు పొడిచిన ఒక పాలపొడి డబ్బా, ఒక పాత లాంగ్ నోట్‌బుక్కు ఉన్నాయి. డబ్బాకి సున్నం అంటుకుని ఉంది. గ్రౌండులో గీతలు గీయడానికని తర్వాత తెలిసింది. ఆమె పొద్దున్నే ఆరింటికి వెళ్ళేదని, ఎండలో నిలబడేదని తప్ప ఆమె పని గురించి నాకు పెద్దగా తెలియదు. ఇరవై రెండేళ్ళ కాపురం మాది.

ఆమె జగ్గయ్యపేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో పీఈటీ. నేను నందిగామలో లైబ్రేరియన్ని. పేటలో ఉంటూ రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. బస్సులో చదువుకుంటాను.

నోట్‌బుక్కు ఆమె ట్రైనింగ్ రోజుల్లో మొదలుపెట్టింది. ఒక్కో ఆటకి కొన్ని పేజీలు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అయ్యాక చివర్లో ఫుట్‌బాల్. అందులో గోల్ కిక్‌కి ఒక పేజీ కేటాయించింది. నీలం ఇంకుతో ఎనిమిది లైన్లు. ఎనిమిదో లైను ఇది: ‘కిక్ సరిగా పడకపోతే మారు.’

ఆ లైనుని ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉంది. స్కేలు పెట్టి కొట్టిన గీత. పక్కన మార్జిన్లో అదే ఎర్ర పెన్నుతో ఒక్క మాట: ‘చెప్పాలి.’

ఎవరికో రాయలేదు. ఏమిటో రాయలేదు.

మనిషి పోయాక మిగిలిపోయిన పనులు చాలా ఉంటాయి. గ్యాస్ కనెక్షన్ నా పేరు మీదికి మార్పించాను. ఆమె కుట్టడానికిచ్చిన జాకెట్లు టైలర్ దగ్గర్నుంచి తెచ్చాను. ఆమె చెయ్యవలసినవి, నేను చెయ్యగలిగినవి ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చాను. ఇది ఒక్కటి మిగిలింది. ఆమె ఎవరికో ఏదో చెప్పాలనుకుంది. చెప్పిందో లేదో కూడా తెలియదు. అది తెలుసుకుని, చెప్పకపోయి ఉంటే నేను చెప్పాలనుకున్నాను.

మా వైపు భోజనాల దగ్గర రెండోసారి వడ్డించుకోవడాన్ని మారు అంటాం. సాంబారుతో ఒకసారి తిన్నాక పెరుగుకి మారు పెట్టించుకోమంటాం. ఆటలో మారు ఏమిటో నాకు అర్థం కాలేదు. ముందు గోల్ కిక్ అంటే ఏమిటో తెలియాలి కదా అనుకున్నాను. లైబ్రరీలో ఆటల నియమాల పుస్తకం ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకోలేదు. బస్సులో అది చదివాను. ఆమె రాసుకున్న మొదటి ఏడు లైన్లూ అందులో దాదాపు అలాగే ఉన్నాయి. అవతలి జట్టు వాళ్ళకి ఆఖరుగా తగిలిన బంతి గోల్లోకి పోకుండా గోల్ గీత దాటితే ఇవతలి జట్టుకి గోల్ కిక్ ఇస్తారు. బంతిని కదలకుండా పెట్టి తన్నాలి. అవతలి వాళ్ళు పెనాల్టీ ఏరియా బయట ఉండాలి. బంతి ఆ ఏరియా దాటితేనే ఆటలోకి వచ్చినట్టు. నేరుగా తన గోల్లోకి తానే కొట్టుకున్నా అది గోలు కాదు. ఈ చివరిది నాకు నచ్చింది. రెండుసార్లు చదివాను.

మారు సంగతి మాత్రం పుస్తకంలో లేదు.

ఒక ఆదివారం పొద్దున్న స్కూలు గ్రౌండుకి వెళ్ళాను. ఏడెనిమిది మంది పిల్లలు ఆడుతున్నారు. కొందరు ఇంకా స్కూల్లో ఉన్నారు, కొందరు ఇంటర్‌కి వెళ్ళిపోయారు. మా ఆవిడ పోయాక కూడా ఆదివారాలు మానలేదన్నమాట. వాళ్ళలో పొడుగ్గా ఉన్న అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. మా ఆవిడ ఉన్నప్పుడు జట్టుకి గోల్‌కీపర్ ఆమే.

“సార్, మీరు మా మేడం వాళ్ళ సారే కదా?”

“అవునమ్మా. గోల్ కిక్ ఎలా కొడతారో చూద్దామని వచ్చాను.”

“గోల్ కిక్కా?” అంది పక్కనున్న పొట్టి పిల్ల. ఆమె జట్టులో అందరికన్నా చిన్నది, తొమ్మిదో తరగతి. “అందరూ గోలు చూడ్డానికొస్తారు. సార్ వెరైటీ.”

“నువ్వు నోర్ముయ్యవే,” అని కీపర్ నన్ను గోల్ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ సున్నంతో రెండు గీతల డబ్బాలు గీసి ఉన్నాయి, ఒకదానిలో ఒకటి. గోల్‌ని అంటుకుని ఉన్నదాన్ని వాళ్ళు చిన్న డబ్బా అంటారు. దాని చుట్టూ ఉన్నది పెద్ద డబ్బా. నేను పుస్తకంలో చదివిన పెనాల్టీ ఏరియా ఈ పెద్ద డబ్బాయే.

“బంతి ఈ గోల్ గీత మొత్తం దాటాలి సార్. వాళ్ళకి తగిలి పోవాలి. మనకి తగిలి పోతే వాళ్ళకి కార్నర్.”

“గీత మీద ఆగితే?”

“ఆటలో ఉన్నట్టే. మేడం గుమ్మం చెప్పేవారు సార్. ఒక్క కాలు గడప మీదున్నా మనిషి ఇంట్లో ఉన్నట్టేనని.”

ఆమె బంతిని చిన్న డబ్బాలో ఒక మూలకి పెట్టింది. డబ్బాలో ఎక్కడైనా పెట్టుకోవచ్చని చదివాను, మరి మూలకే ఎందుకు పెట్టావని అడిగాను.

“మధ్యలో పెట్టి చెడగొట్టుకుంటే వెనకాల గోలే కదా సార్. మూల నుంచైతే తప్పు చేసినా సర్దుకోడానికి కాస్త టైముంటది.”

ఆమె నాలుగడుగులు వెనక్కి, ఒకడుగు పక్కకి వేసి, వచ్చి తన్నింది. బంతి మధ్య గీత దాకా వెళ్ళి పడింది. తర్వాత నన్ను కొట్టమన్నారు. నాకు యాభై ఆరేళ్ళు. ఆఫీసు బూట్లు వేసుకుని వెళ్ళాను. తన్నితే బంతి నాలుగు గజాలు దొర్లి ఆగింది. బొటనవేలు నొప్పి పుట్టింది.

“సార్, బంతిని తన్నాలి. బతిమాలకూడదు,” అంది పొట్టి పిల్ల.

“వేళ్ళతో కాదు సార్. లేసులు కట్టే చోటుతో,” అంది కీపర్. “ఎడం కాలు బంతి పక్కన వెయ్యండి. ఆ కాలు ఎటు చూస్తే బంతి అటు పోద్ది. బంతికి కింద సగంలో తగలాలి. తగిలేదాకా తల ఎత్తకండి. ఎటు పోయిందో తర్వాత చూసుకోవచ్చు.”

రెండోది గాల్లోకి లేచింది కానీ పక్కకి పోయింది. మూడోది నయం. నాలుగోది తన్నేటప్పుడు తల ఎత్తాను. బంతి పెద్ద డబ్బాలోనే మెల్లగా దొర్లుతోంది. పొట్టి పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి దాన్ని కాలితో తొక్కి పట్టి, “మారు!” అని అరిచింది.

అందరూ నవ్వారు. కీపర్ నవ్వలేదు. “ఒసే, ఆపు,” అంది. మిగతావాళ్ళూ ఆపేశారు.

నేను వెతుకుతున్న మాట అదే. మారు అంటే ఏమిటని అడిగాను. కీపర్ చెప్పింది.

బంతి పెద్ద డబ్బా దాటేదాకా ఆటలోకి రాదు. లోపల ఉండగానే ఎవరికి తగిలినా కిక్ చెల్లదు, మళ్ళీ కొట్టాలి. మా ఆవిడ ఇందులో ఒక ఉపాయం చూసింది. కిక్ బలంగా పడకపోతే అవతలి వాళ్ళు ఆ బంతి కోసం డబ్బా బయట కాచుకుని ఉంటారు. వాళ్ళకి అందకముందే మన పిల్లే వెళ్ళి లోపలే తాకేస్తే మళ్ళీ కొట్టుకోవచ్చు. మొదటిసారి వడ్డించింది చాల్లేదు, మారు అడిగినట్టు. జట్టులో వెనకాల ఆడే పిల్లలందరికీ ఈ పని నేర్పింది.

“మంచి ఉపాయమే కదా,” అన్నాను.

“మంచిదే సార్. నందిగామలో చెల్లలేదు.”

ఆ మ్యాచ్ నాకు తెలుసు. నేను చూసిన ఆమె మ్యాచ్ అదొక్కటే. మా లైబ్రరీకి పది నిమిషాల నడక దూరంలో జరిగింది. “సెకండాఫ్ రెండున్నరకండీ. ఒక్క అరగంట రాలేరా?” అని ముందురోజు అడిగింది. వెళ్ళాను. తాడు బయట, చెరకురసం బండి పక్కన నిలబడ్డాను. రెండు జట్లూ గోలు కొట్టలేదు. ఆట అయిపోవస్తోందని పక్కనెవరో అన్నారు. మా కీపర్ తన్నిన బంతి సరిగా లేవలేదు. అవతలి జట్టు అమ్మాయి దాని కోసం పరుగు అందుకుంది. అంతకన్నా ముందే మా జట్టులో వెనకాల ఆడే ఒకమ్మాయి వెళ్ళి బంతిని రెండు చేతులతో తీసుకుంది. కంగారు లేదు. నేల మీద పడ్డ బిందెని తీసినట్టు తీసి, చిన్న డబ్బా వైపు నడిచింది. రిఫరీ విజిల్ వేసి పెనాల్టీ ఇచ్చాడు. అవతలి వాళ్ళు గోలు కొట్టారు. మా ఆవిడ గ్రౌండులోకి పరుగెత్తింది. చేతులు ఊపుతూ ఏదో వాదించింది. రిఫరీ ఏదో చెప్పాడు. నాకు మాటలు వినపడలేదు. ఆట అయిపోయాక ఆమె పిల్లలందరి మధ్య నిలబడి ఆ అమ్మాయితో మాట్లాడటం చూశాను. అదీ వినపడలేదు.

పిల్లల్ని ముందు బస్సు ఎక్కించి మేమిద్దరం తర్వాతి బస్సులో వచ్చాం. “చేత్తో పట్టుకుందండీ ఆ పిల్ల,” అంది. అలాగా అన్నాను. పుస్తకం తెరిచాను. చిల్లకల్లులో హైవే దిగాక ఒకసారి నా వైపు తిరిగినట్టు గుర్తు. నేను పేజీ పూర్తి చేసి తలెత్తేసరికి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“ఆ రోజు మేడం ఆ అమ్మాయిని ఏమన్నారమ్మా?” అని కీపర్ని అడిగాను.

“చేత్తో ఎందుకు పట్టుకున్నావే, బుద్ధుందా అన్నారు సార్. అందరి ముందర. అప్పట్నుంచి దాన్ని క్యాచ్ అని పిలిచేవాళ్ళం. అది ఆట మానేసింది. టెన్త్ అవగానే పెనుగంచిప్రోలు వాళ్ళింటికి పోయింది. అక్కడ్నుంచే ఇంటర్‌కి వస్తది. ఇటు రాదు.”

“కాలితో తాకి ఉంటే మారు ఇచ్చేవాళ్ళా?”

ఆమె బంతిని కాలితో అటూ ఇటూ దొర్లించింది. “మేడమే చెప్పారు సార్. కాలో చెయ్యో, ఏదో ఒకటి తగిలిస్తే చాలని. ఆ రోజు ఆ మాట మాలో ఎవరూ అనలేదు.” ఆగి, మళ్ళీ అంది, “కిక్ చెడగొట్టింది నేను. నన్నెవరూ ఏమన్లేదు.”

మర్నాడు లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆట నియమాలు ఇంగ్లీషులో పూర్తిగా దొరికాయి. గోల్ కిక్ దగ్గరికొచ్చాను. బంతిని తన్నాక అది స్పష్టంగా కదిలితే చాలు, ఆటలోకి వచ్చినట్టే. పెద్ద డబ్బా దాటనక్కరలేదు. ఈ మార్పు రెండు వేల పంతొమ్మిదిలో వచ్చింది. నందిగామ మ్యాచ్ అందుకు కొన్నేళ్ళ తర్వాతిది.

అంటే ఆ రోజుకి మారు అనేదే లేదు. ఆ అమ్మాయి చేత్తో తీసుకున్నది ఆటలో ఉన్న బంతి. రిఫరీ ఇచ్చింది సరైనదే. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమె తనకి నేర్పింది నేర్పినట్టు చేసింది.

నియమం మారిన మరుసటేడు కరోనా వచ్చింది. గ్రౌండు మూతపడింది. మళ్ళీ తెరిచాక మా ఆవిడ పాత నోట్‌బుక్కుతోనే మొదలుపెట్టి ఉంటుంది. ఇది కారణం మాత్రమే. అందరి ముందు ఆ పిల్లని ఆ మాట అనడానికి ఇది సరిపోదు.

ఆ ఎర్ర గీత చూస్తే ఆమె తర్వాత తెలుసుకుందని అర్థమవుతోంది. మ్యాచ్ ఫిబ్రవరిలో జరిగింది. ఏప్రిల్‌కి ఆ అమ్మాయి స్కూలు వదిలింది. ఆగస్టులో నాలుగు రోజుల జ్వరంతో మా ఆవిడ పోయింది. గీత ఏ నెలలో కొట్టిందో తెలియదు. జూలై చివర కొట్టి ఉంటే ఒక రకం. మ్యాచ్ మర్నాడే కొట్టి ఉంటే ఇంకో రకం. చాలా రోజులు దాని గురించే ఆలోచించాను. ఇంకు చూసి తేల్చే విద్య నాకు రాదు.

లైబ్రరీలో ఉన్న పాత పుస్తకంలో ఆ పేజీకి ఒక చీటీ అంటించాను, నియమం మారిందని. అది సులువైన పని.

రెండో పని గురించి వెనకాడాను. ఈ పిల్లలు ఆదివారాలు ఆమె గీసినట్టే గీతలు గీసుకుని ఆడుతున్నారు. గుమ్మం, గడప అని ఆమె మాటలే చెప్పుకుంటున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి మీ మేడం తప్పు చెప్పిందని భర్తనైన నేనే చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. కానీ ‘చెప్పాలి’ అని రాసింది ఆమె. ఆ మాట ఉన్నాక ఊరుకునే వీలు నాకు కనపడలేదు. పెనుగంచిప్రోలు వెళ్ళి ఆ అమ్మాయికి ఒక్కదానికే చెప్పి వద్దామా అని కూడా అనుకున్నాను. అది సరిగా లేదు. పదిమందిలో అన్న మాటని పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి.

కీపర్‌తో కబురు పంపాను. మొదటి ఆదివారం ఆ అమ్మాయి రాలేదు. రెండో ఆదివారం వచ్చింది. పెనుగంచిప్రోలు ఆటో దిగి, కాలేజీ బ్యాగు భుజాన వేసుకుని, గేటు దగ్గరే నిలబడింది.

“రావే క్యాచ్,” అంది పొట్టి పిల్ల అలవాటుగా. కీపర్ దాని నెత్తి మీద ఒక్కటిచ్చింది.

అందర్నీ చిన్న డబ్బాలో కూర్చోమన్నాను. నోట్‌బుక్కు పేజీ తెరిచి చూపించాను. నియమం ఎప్పుడు మారిందో, ఏం మారిందో చెప్పాను. మేడం నేర్పిన మారు ఆ రోజుకే చెల్లదని, ఆ రోజు తప్పు మేడందని, ఈ అమ్మాయిది కాదని చెప్పాను. నేను మామూలుగా నలుగురిలో మాట్లాడను. మొదటిసారి అందరికీ వినపడలేదు. రెండోసారి కూడా చెప్పాను.

ఆ అమ్మాయి నోట్‌బుక్కు తీసుకుంది. ఎనిమిది లైన్లే ఉన్నా చాలాసేపు చూసింది.

“ఇదెప్పుడు రాశారు సార్?”

“తెలీదమ్మా. తేదీ వెయ్యలేదు.”

“నాకు చెప్పలేదు.”

“చెప్పలేదు.”

“మా ఊరేం దూరం కాదు సార్. పేటలో ఆటో ఎక్కితే వచ్చేస్తది.”

మా ఆవిడ తరఫున ఏదైనా అనాలనిపించింది. వేసవి సెలవులు, బదిలీల గొడవ, జ్వరం. అవన్నీ నిజమే. “అవునమ్మా. వచ్చి ఉండాల్సింది,” అన్నాను.

ఆమె తలూపింది. తర్వాత మిగతా పిల్లల వైపు తిరిగింది. “కాలైనా చెయ్యైనా అని మేడం అన్నప్పుడు మీరంతా ఇక్కడే ఉన్నారు కదే? ఒక్కళ్ళన్నా నోరు తెరిచారా? పైగా క్యాచ్ అంటూ బస్సెక్కిందాకా ఏడిపించారు.”

“సారీనే,” అంది కీపర్.

“సారీ ఎవడిక్కావాలి. ఇవ్వాళ్టికీ క్యాచ్ అంటున్నారు. ఇంక ఒక్కసారి అన్నారంటే చెప్పు తెగుద్ది.”

“అయితే చెప్పులు విప్పి రా,” అంది పొట్టి పిల్ల, దూరం జరిగి. “ఆడదాం. సార్ కొడతారు. సార్ గోల్ కిక్ చూడలేదుగా నువ్వు. మీ ఊరి ఎద్దు నయం.”

ఆ అమ్మాయి వెంటనే లేవలేదు. నోట్‌బుక్కు మూసి నాకిచ్చింది. చెప్పులు గోల్ స్తంభం పక్కన జంటగా పెట్టింది. చున్నీ నడుముకి కట్టుకుని పెద్ద డబ్బాలో, ఒక పక్కగా నిలబడింది. నందిగామలో కూడా అక్కడే నిలబడిందనుకుంటాను. పొట్టి పిల్ల డబ్బా బయట గీత మీదికి కాలు రానీకుండా నిలబడి, పరుగుకి సిద్ధమైంది.

బంతిని మూలకి పెట్టాను. నాలుగడుగులు వెనక్కి, ఒకడుగు పక్కకి. ఎడం కాలు పక్కన వేశాను. తల ఎత్తకూడదని గుర్తుంది. అయినా ఆ అమ్మాయి ఏం చేస్తుందో చూడాలనిపించి ఎత్తాను. బంతి లేవలేదు. పెద్ద డబ్బాలోనే దొర్లుకుంటూ పోయింది. కదిలిందో లేదో పొట్టి పిల్ల లోపలికి దూసుకొచ్చింది. ఇప్పుడు అలా రావచ్చు.

ఆ అమ్మాయి బంతి దగ్గరికి వెళ్ళింది. ఒక్క క్షణం రెండు చేతులూ వెనక్కి పెట్టుకోవడం చూశాను. కాలితో ఆపింది. అందరం ఆమెనే చూస్తున్నాం.

“మారు లేదంటగా,” అంది. పొట్టి పిల్ల వచ్చి పడేలోపు బంతిని పక్కకి లాగి, ఒట్టి కాలితో గట్టిగా తన్నింది. అది గ్రౌండు దాటి, ప్రహరీ మీదుగా, సిమెంటు లారీలు వెళ్ళే రోడ్డు వైపు పోయింది.

“ఎవరు కొడితే వాళ్ళే తేవాలి,” అంది పొట్టి పిల్ల.

“కొట్టింది సారే,” అంది ఆ అమ్మాయి. “నేను ఆడానంతే.”

బంతి తేవడానికి నేనే వెళ్ళాను.